పదకొండు పుస్తకాలు కాదన్న అనసూర్య

పరీక్ష పెట్టకుండా ఏ వస్తువునూ గడప దాటనిచ్చేది కాదు అనసూర్య. గోదావరిఖని బజారులో ఈ సంగతి తెలియని దుకాణదారు లేడు. ఆమె చేతిసంచీ పట్టుకుని వీధి మలుపు తిరిగిందంటే కొందరు గిరాకీ వస్తోందని సర్దుకు కూర్చునేవాళ్లు. ఇంకొందరు భోజనాల వేళ కాకపోయినా షట్టరు సగం దించేవాళ్లు.

లక్ష్మీనగర్‌లో యజ్ఞనారాయణ అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. తెనాలి నుంచి వచ్చి స్థిరపడి గొడుగులు, టార్చిలైట్లు, తాళాలు అమ్ముకునేవాడు. ఒక జూన్ నెలలో అనసూర్య ఆయన దగ్గరికి గొడుగు కోసం వెళ్లింది. ఎంత వాన కురిసినా చుక్క దిగదమ్మా అని ఆయన హామీ ఇచ్చాడు. అనసూర్య ఆ హామీని పక్కన పెట్టి ఒక చెంబు నీళ్లు అడిగింది. గొడుగు కింద తాను నిలబడితే పైన ఏం జరుగుతోందో కనిపించదు కాబట్టి ఆయన్నే కింద నిలబెట్టి, తాను స్టూలెక్కి నీళ్లు పోసింది. రెండో చెంబుకి యజ్ఞనారాయణ ఎడమ భుజం తడిసింది.

"గిది అక్కరకు రాదు" అని తేల్చి, తుడుచుకోమని ఆయన తువ్వాలు ఆయనకే అందించి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయన కొత్త సరుకు వచ్చినప్పుడల్లా దుకాణం తెరవకముందే పెరట్లో నిలబడి తన నెత్తిన తానే నీళ్లు పోసుకునేవాడని బజారులో చెప్పుకునేవాళ్లు.

చాప కొనాలంటే దుకాణంలోనే పరిచి పడుకునేది. ఒకసారి నిజంగానే నిద్రపట్టింది. గంట తర్వాత లేచి, బేరమాడకుండా ఆ చాప తీసుకుంది. తాళం కొనాలంటే ఆ తాళాన్ని దుకాణదారు గల్లాపెట్టెకే వేసి, చెవి తన దగ్గర ఉంచుకుని, తియ్యి చూద్దాం అనేది.

ఈ పరీక్షలన్నిటికంటే ముందు నెగ్గినవాడు ఆమె భర్త భూపాల్. పెళ్లిచూపుల నాడు పిల్ల ఏమైనా అడుగుతుందేమోనని పెద్దలు మాట కలిపితే, ఆమె ఒక సూదీ దారం తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఎక్కించమంది. భూపాల్ ఆరుసార్లు తప్పి ఏడోసారి ఎక్కించాడు. అనసూర్య లోపలికి వెళ్లి వాళ్లమ్మతో అందట: ఆరుసార్లు తప్పాడు గానీ ఒక్కసారీ చిరాకు పడలేదు, చేసుకుంటాను అని. ఇరవై రెండేళ్ల కిందటి మాట. అప్పటి నుంచి భూపాల్‌కు ఆ ఓపికతో రోజూ పని పడుతూనే ఉంది.

భూపాల్ గనిలో హాలర్ నడిపేవాడు. అంటే బొగ్గు డబ్బాలను ఇనుప తాడుతో పైకి లాగే యంత్రం. గంట మోగితే లాగాలి, గంట మోగితే ఆపాలి. పొద్దున ఏడింటికి పోయి మధ్యాహ్నం మూడింటికి పైకి వచ్చేవాడు. నాలుగు నుంచి మాత్రం అనసూర్య డ్యూటీ.

అనసూర్యకు అల్లిక పట్టుబడిన తీరు కూడా విచిత్రమే. పక్క క్వార్టర్లో భద్రతా దళం జవాను ఒకాయన ఉండేవాడు, పంజాబీ. ఆయన భార్యకు తెలుగు ముక్క రాదు. ఈమెకు వాళ్ల భాష రాదు. ఇద్దరూ మధ్యాహ్నం పూట మెట్ల మీద కూర్చుని, ఆమె అల్లుతుంటే ఈమె చూసి చూసి నేర్చుకుంది. ఊలు వెనకనుంచి తెచ్చి లాగితే సీదా, ముందునుంచి తెచ్చి లాగితే ఉల్టా, సూది మీద నిలబడే ఒక్కో మెలిక ఫందా. ఈ మూడు మాటలతో ఒక స్వెట్టరు చంకల దాకా వచ్చింది. సరిగ్గా అక్కడ జవానుకు బదిలీ అయింది. చంకలు ఎలా తగ్గించాలో, చేతులు ఎలా అతకాలో, మెడ ఎలా తిప్పాలో చెప్పకుండానే ఆ పంజాబీ ఆమె కళ్లొత్తుకుంటూ రైలెక్కేసింది. చేతులూ మెడా లేని ఆ స్వెట్టరు అనసూర్య బీరువాలో మిగిలిపోయింది.

మూడొందల అరవై రోజులూ నిప్పులు కక్కే ఊళ్లో స్వెట్టర్లు ఎవరికని పై ఊరివాళ్లు నవ్వుతారు. వాళ్లకు డిసెంబర్ తెలియదు. గని లోపల ఎప్పుడూ ఉక్కే. రాత్రి షిఫ్టు వాళ్లు చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమటతో పొద్దున పైకి వస్తారు. పైన గోదావరి మీంచి మంచుగాలి. ఆ తడి ఒంటితో సైకిల్ తొక్కుకుంటూ ఇంటికొచ్చేసరికి పళ్లు టకటకలాడతాయి. అందుకే కాలనీ ఆడవాళ్లు మాకూ నేర్పమని అనసూర్య వెంటపడ్డారు. ఇంజనీరు రాంప్రసాద్ గారి భార్య, మహిళా క్లబ్బు అధ్యక్షురాలు కృష్ణప్రియ క్లబ్బు హాలు ఇచ్చింది. వారానికి మూడు రోజులు తరగతి. ముప్పై మంది చేరారు.

ముప్పై మందిలో సారవ్వ ఒకామె. భర్త జబ్బు చేసి పోయాక కంపెనీ మొక్కల నర్సరీలో పని దొరికింది. వెనక వరసలో గోడకానుకుని కూర్చునేది. మాట తక్కువ, చెయ్యి మంచిది. చేరేటప్పుడు కాగితంలో ఏడో తరగతి అని రాయించింది. బోర్డు మీద ఏదైనా రాస్తే మాత్రం కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయానని చెప్పి పక్కామె సూదుల వంక చూసేది.

టీచరుకే చంకలు రానప్పుడు శిష్యులకు ఎక్కడి నుంచి వస్తాయి? మూడేళ్లపాటు ముప్పై మందీ మఫ్లర్లే అల్లారు. కాలనీలో మఫ్లరు లేని మెడ కనబడేది కాదు. మొగుళ్లకయ్యాయి, మరుదులకయ్యాయి, మేనమామలకయ్యాయి. ఒకరింట్లో మంచినీళ్ల కుండకు చుట్టారు. ఇంకొకరింట్లో కొత్తగా పెట్టించుకున్న టెలిఫోనుకు కప్పారు. గనిలో భూపాల్‌తో పనిచేసే మొగిలికి మూడు ఇళ్ల నుంచి ఐదు మఫ్లర్లు ముట్టాయి. వదినె ఇగ వేరేదేమన్న నేర్వరాదా అని భూపాల్‌ను అడిగాడు.

రెండువేల ఆరో సంవత్సరం సెప్టెంబరులో కృష్ణప్రియ ఒక మంచి వార్త తెచ్చింది. డిసెంబర్‌లో కంపెనీ వేడుకలకు పెట్టే స్టాళ్లలో ఈసారి మహిళా క్లబ్బు స్వెట్టర్లు ఉండాలి. అందుకోసం అల్లిక పద్ధతులన్నీ వివరంగా ఉండే పుస్తకం ఒకటి ఎంచుకుంటే, ముప్పై మందికీ తలా ఒకటి కొనిస్తారు. ఎంచే బాధ్యత అనసూర్యది. గడువు దీపావళి. ఆ లోపల పుస్తకం తేలకపోతే మంజూరైన డబ్బు వంటల తరగతికి మారిపోతుంది, హాలు కూడా వాళ్లదే.

చెంబెడు నీళ్లు పోయకుండా గొడుగే కొనని మనిషికి ముప్పై మందికి పుస్తకం ఎంచమని అప్పగించారు. భూపాల్ ఆ సాయంత్రం వార్త విని, రెండో కప్పు టీ అడిగి తాగాడు.

మొదటి పుస్తకం కృష్ణప్రియే ఇచ్చింది. ఇంగ్లీషుది, నున్నటి కాగితం. రెండోదానికి భూపాల్ బస్సెక్కి కరీంనగర్ వెళ్లాడు. మూడూ నాలుగూ హైదరాబాదు నుంచి పోస్టులో వచ్చాయి. వచ్చిన ప్రతి పుస్తకానికీ పరీక్ష ఒకటే. అనసూర్య మైదాపిండి ఉడికించి, పాత పేపరును సన్నగా కత్తిరించి, పుస్తకంలో రాత ఉన్న చోటల్లా ఆ పట్టీలు అంటించేది. బొమ్మలు మాత్రం వదిలేది. తర్వాత భూపాల్‌ను మంచం మీద కూర్చోబెట్టి, రెండు సూదులు, ఒక ఊలుండ చేతికిచ్చేది.

"నేనెందుకే" అన్నాడు భూపాల్ మొదటి రోజు.

"నీకు సమజైతే ఎవ్వలకైనా సమజైతది."

ఆ మాటలో ఉన్నది పొగడ్తేమో అని భూపాల్ కాసేపు వెతికి చూసుకున్నాడు. దొరకలేదు. కనీసం రాసింది చదవనివ్వమన్నాడు.

"సదువుకుంట అల్లితె పరీక్ష ఎట్లయితది? బొమ్మ సూసి అల్లు."

గొడుగు మీద నీళ్లు పోయడం లాంటిదే ఇదీ అనుకుని భూపాల్ సూదులు పట్టుకున్నాడు.

మొదటి పుస్తకం ముందు పెట్టుకోగానే తలుపులా దానంతటదే మూసుకుపోయింది. రెండు చేతుల్లోనూ సూదులుంటే పేజీ మూడో చేత్తో పట్టుకోవాలా అంది అనసూర్య. అక్కరకు రాదు. రెండోదాంట్లో ఒక అందమైన పిల్ల స్వెట్టరు వేసుకుని నవ్వుతూ నిలబడి ఉంది. ఆ స్వెట్టరు ఎలా తయారైందో చెప్పే బొమ్మ ఒక్కటీ లేదు. పిల్ల బంగారంలా ఉంది, పుస్తకం అక్కరకు రాదు. మూడోదాంట్లో బొమ్మలున్నాయి గానీ చేతి గాజులు అడ్డమొచ్చి సూది మొన కనబడలేదు. నాలుగోదాన్ని బట్టి భూపాల్ పది రోజులు కష్టపడి అల్లిన స్వెట్టరుకు మూడు చంకలొచ్చాయి. ఆరోదానికి మెడ వచ్చింది, కానీ అందులోంచి అతని తల కాదు, పిడికిలి మాత్రం పట్టింది.

గనిలో ఈ కథ పాకిపోయింది. క్యాంటీన్లో భూపాల్ టిఫిన్ సంచీలోంచి పచ్చ ఊలు తోక బయటికి వేలాడుతుంటే మొగిలి దాన్ని పట్టుకుని లాగాడు. అది పెద్ద ఊలుండ. మొగిలి దాన్ని లాక్కుంటూ లాక్కుంటూ గనిదీపాలు ఇచ్చే ల్యాంపు రూము దాకా నడిచి, మళ్లీ చుట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. ఈ నెల ఎన్ని సీదాలు, ఎన్ని ఉల్టాలు అన్నా అని అడిగేవాళ్లు. భూపాల్ నిజాయితీగా లెక్క చెప్పేవాడు. అసలు రహస్యం ఏమిటంటే అతనికి ఆ పనిలో కొంచెం రుచి తగిలింది. మనుషుల్లో ఉన్నప్పుడు ఒప్పుకునేవాడు కాదు.

క్లబ్బు కమిటీ ముందు మాత్రం అనసూర్య చెప్పే కారణాలు వేరుగా ఉండేవి. మైదాపిండి పట్టీల సంగతి అక్కడ ఎత్తేది కాదు. ఒక పుస్తకానికి అట్ట రంగు చేతికంటుతోందనేది. ఇంకొకదానికి వాసన బాలేదనేది. తొమ్మిదోదాన్ని ఎందుకు కాదన్నావంటే అందులో చలి మన చలి కాదంది. ఈమె ఒక పుస్తకాన్ని మెచ్చాలంటే అది లేచి తానే స్వెట్టరు అల్లి చూపించాలేమో అని తరగతిలో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అనసూర్య కూడా నవ్వి, పదో పుస్తకాన్ని సంచీలో పెట్టుకుంది.

పదోది కూడా పోయిన రోజు భూపాల్ ఓపిక అంచుకు వచ్చింది. అనసూర్య జొన్నరొట్టె కొడుతోంది. అతను వంటింటి గుమ్మంలో నిలబడి, అసలు నీకు ఎలాంటి పుస్తకం కావాలో చెప్పు, అలాంటిదే వెతుకుతాను అన్నాడు.

"అందరికి అక్కరకొచ్చేది" అంది ఆమె.

"ముప్పై మందిల ఇరవై తొమ్మిది మందికి అక్కరకొస్తె సాలదా?"

"సాలదు."

ఆ ఒక్కరు ఎవరని అడగాలని భూపాల్‌కు అప్పుడు తట్టలేదు. రొట్టె వేడిగా ఉంది, తినేశాడు.

దీపావళి మూడు రోజులుందనగా క్లబ్బులో చివరి సమావేశం పెట్టారు. ముప్పై మందీ వచ్చారు. తిరస్కరించిన పదింటినీ పట్టీలు ఊడదీసి మోసుకొచ్చి ఒప్పజెప్పడానికి భూపాల్ కూడా వచ్చి, గుమ్మం దగ్గర మంచినీళ్ల డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. కృష్ణప్రియ పదకొండో పుస్తకం తెప్పించింది. అచ్చ తెలుగులో ఉంది. చిన్న చిన్న వాక్యాలు. చంక ఎక్కడ మొదలవ్వాలో, ఎన్ని ఫందాలు తగ్గించాలో పిల్లలకు చెప్పినట్టు రాశారు. బొమ్మలు మాత్రం తక్కువ. ఈసారి రంగు అంటుతుందనడానికి లేదు, వాసన ఉందనడానికి లేదు. అనసూర్య పేజీలు తిరగేసి, పుస్తకం మూసి కృష్ణప్రియకే తిరిగిచ్చింది.

కృష్ణప్రియ మంచి మనిషి. గెలిచానన్న గర్వం ఆమెకు లేదు. "ఇంత తేలిగ్గా ఉంది అనసూర్యగారూ. కావాలంటే మన వాళ్లలోనే ఎవరినైనా ఒక పేజీ చదవమందాం. మీకే తెలుస్తుంది" అని, వెనక వరసలో ఎప్పుడూ మాట్లాడని మనిషికి ఒక అవకాశం ఇద్దామనుకుని, పుస్తకం సారవ్వకు అందించింది.

సారవ్వ లేచి నిలబడింది. అద్దాలు ఇంట్లో మర్చిపోయానంది. అయ్యో దానిదేముంది, నావి పెట్టుకోండి అని కృష్ణప్రియ తన అద్దాలు తీసి స్వయంగా ఆమెకు పెట్టింది. అవి సారవ్వ ముక్కు మీద నిలిచాయి. హాలంతా ఆమె వైపే చూస్తోంది. సారవ్వ ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. మళ్లీ మొదటి పేజీకి వచ్చింది.

అనసూర్య లేచింది. తిన్నగా వెనక వరసకు నడిచి, సారవ్వ చేతుల్లోంచి పుస్తకం తీసుకుని, మళ్లీ అంతే తిన్నగా గుమ్మం దగ్గరికి వచ్చి, దాన్ని మంచినీళ్ల డ్రమ్ములో మునిగేదాకా ముంచింది. పది అంకెలు లెక్కపెట్టింది. తీసింది. పుస్తకం రొట్టెలా ఉబ్బి, అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి కారుతున్నాయి.

"నీళ్లల్ల పడితె రాత ఉంటదా పోతదా సూడాలె గద మేడం. పోయింది. గిది అక్కరకు రాదు."

హాలంతా ఘొల్లుమంది. కొందరు నవ్వారు, కొందరు తలలు కొట్టుకున్నారు. ఆ నీళ్లు ఇక ఎవరు తాగుతారని ఒకామె లేచింది. కృష్ణప్రియ ముఖం ఎర్రబడింది. ఆమె గొంతు పెంచలేదు. "నా ఓపిక అయిపోయిందండీ. వచ్చే సోమవారం నుంచి హాలు వంటలవాళ్లకిచ్చేస్తాను" అని మాత్రం అంది.

భూపాల్ సిగ్గుతో తల దించుకుని నిలబడ్డాడు. కాసేపటికి తలెత్తితే హాల్లో నవ్వనిది, కోపపడనిది ఒక్క సారవ్వే అని కనబడింది. ఆమె ఇంకా ఆ అద్దాలతోనే నిలబడి, అనసూర్య తడి చేతుల వంక చూస్తోంది. దాహం మీద గుక్కెడు నీళ్లు తాగిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె ముఖం. భూపాల్‌కు మైదాపిండి పట్టీలు గుర్తొచ్చాయి. చదవకుండా అల్లమన్న మాట గుర్తొచ్చింది. ముప్పయ్యో మనిషి ఎవరో తెలిసిపోయింది.

ఇద్దరూ ఇంటికి నడిచారు. తడిసిన పుస్తకం భూపాల్ చంకలో నీళ్లు కారుతోంది. చివరికి, మేడం మంచిదే కదా, ఆమెకొక్కదానికీ చెవిలో చెప్తే అయిపోయేది కదా అన్నాడు.

"ఏమని చెప్పాలె?"

"ఉన్నదే చెప్తె అయిపోవు."

"చెప్తె ఎల్లుండి సంది ఒక మనిషి క్లాసుకు రాదు" అంది అనసూర్య. "నన్ను పిచ్చిదంటె నాకేం పోయింది? ఎట్లయిన అంటనే ఉంటరు."

మర్నాడు భూపాల్ గనికి సెలవు పెట్టాడు. ఇరవై రెండేళ్లలో భార్య చెప్పకుండా ఒక వస్తువు వెతకడానికి బయల్దేరడం అతనికి అదే మొదలు. మంచిర్యాలలో రెండు దుకాణాలు తిరిగాడు. ఏ పుస్తకం చూపించినా రాతను అరచేత్తో మూసి, బొమ్మలొక్కటే చూసేవాడు. దుకాణంలో కుర్రవాళ్లు, చదువు రాదా కాకా, చదివి చెప్పాలా అని అడిగారు. రాదు బిడ్డా అన్నాడు భూపాల్. అనగానే వాళ్ల చూపులో వచ్చిన చిన్న మార్పు అతనికి తెలిసింది. తిరుగు బస్సు ప్రయాణమంతా ఆ చూపు అతన్ని వదల్లేదు. సారవ్వ మూడేళ్ల నుంచి దేన్నుంచి దాక్కుంటోందో అప్పుడు పూర్తిగా అర్థమైంది.

రెండో రోజూ సెలవు పెట్టాడు. ఈసారి గోదావరిఖని బస్టాండు వెనక ఆగయ్య పాత పేపర్ల కొట్టుకు వెళ్లాడు. ఎప్పుడో ఎవరో విదేశీ ఇంజనీర్లు ఇక్కడ మిషన్లు బిగించడానికి కుటుంబాలతో వచ్చి, పోతూ పోతూ కిలోల లెక్కన అమ్ముకున్న సామాను కట్టలు ఆగయ్య దగ్గర ఇంకా ఉన్నాయి. వాటి మీద దుమ్ము దులపాలంటే ఎవరికీ ధైర్యం చాల్లేదు. భూపాల్‌కు దుమ్ము కొత్త కాదు. మధ్యాహ్నానికి మనిషి గనిలోంచి వచ్చినట్టు నల్లబడ్డాడు. నాలుగో కట్ట అడుగున అతని చేతికొక పుస్తకం తగిలింది.

అట్ట మీద స్వెట్టరు బొమ్మ. లోపల పేజీ పేజీకీ చేతులు, సూదులు, ఊలు ఎటు నుంచి ఎటు పోవాలో చూపించే బాణాలు. సీదాకొక గుర్తు, ఉల్టాకొక గుర్తు, గడులు గడులుగా స్వెట్టరంతా గీసి ఉంది. అంకెలు మామూలు అంకెలే. మిగతా రాత మాత్రం చీమలు బారులు తీరినట్టు నిలువుగా ఉంది. చైనాదో జపానుదో ఆగయ్యకు తెలియదు, భూపాల్‌కూ తెలియదు.

అనసూర్య ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పింది. చివరి నుంచి మొదటికి తిప్పింది. పిండి ఉడకబెట్టనా అని భూపాల్ అడిగాడు.

"దీనికేం పట్టీలు అంటియ్యాలె? అన్ని పట్టీలే ఉన్నయి" అంది.

భూపాల్ సూదులు తీసుకున్నాడు. పండుగ రెండు రోజులూ మంచం దిగలేదు. కాలనీ అంతా టపాకాయలు పేలుతుంటే అతను గడులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. చంక వచ్చింది. ఒక్కటే వచ్చింది, రావాల్సిన చోటే వచ్చింది. రెండోవైపు ఇంకోటి. అనసూర్య ఆ ముక్కను వెలుతురులో పెట్టి ఇటూ అటూ గుంజి చూసింది. తర్వాత బీరువా తెరిచి, పంజాబీ ఆమె వదిలేసి వెళ్లిన స్వెట్టరు బయటికి తీసింది. అక్కరకు వస్తుందని నోటితో చెప్పలేదు. ఆ సాయంత్రం భూపాల్ గిన్నెలో మాత్రం నెయ్యి ఎక్కువగా పడింది.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ కృష్ణప్రియ ఇంటికి వెళ్లారు. ఆమె మర్యాదగానే కూర్చోమంది, ముఖంలో మాత్రం నవ్వు లేదు. పుస్తకం తెరిచి చూసి అయోమయంలో పడింది.

"ఇది ఏ భాషండీ?"

"తెల్వది మేడం" అంది అనసూర్య.

"మరి దీన్ని ఎవరు చదువుతారు?"

"ఎవ్వలు చదవలేరు. గందుకే తెచ్చిన."

కృష్ణప్రియ ఎం.ఏ. చదివింది. జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం చేతిలో పెట్టుకుని ఒక్క అక్షరం గుర్తుపట్టలేక కూర్చుంది. ఇది హాస్యమా అని అడగబోయింది. అనసూర్య చంకల దాకా అల్లిన ఒక ముక్కను సూదులతో సహా అందించి, ఒక్క చంక మాత్రం అల్లి చూడండి మేడం, రాకపోతే హాలు తాళం ఇప్పుడే ఇచ్చేస్తాను అంది. కృష్ణప్రియ మొదట కోపంగా, తర్వాత పట్టుదలగా, ఆ తర్వాత చుట్టూ మనుషులున్నారన్న సంగతి మరిచి అల్లింది. మధ్యలో రాంప్రసాద్ గారు ఆఫీసుకు బయల్దేరుతూ వెళ్లొస్తానని రెండుసార్లు చెప్పి, జవాబు రాక వెళ్లిపోయారు. పదిగంటలకు చంక వచ్చింది.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. తన అద్దాలు తీసి తుడుచుకుంది. తుడుస్తూ తుడుస్తూ ఒక్క క్షణం ఆగింది. అనసూర్య వైపు చూసి ఏదో అడగబోయి, మానేసింది.

"వంటలవాళ్లకు వరండా సరిపోతుంది లెండి" అంది.

ఇలాంటి పుస్తకం ముప్పై కాపీలు ఎక్కడా దొరకవు కాబట్టి, మంజూరైన దాంతో ఆ ఒక్కదాన్నే విప్పి, పేజీలను గోడపటాలంత పెద్దవి చేయించి హాలు చుట్టూ తగిలించారు. మర్నాటి నుంచి తరగతి తీరే మారిపోయింది. డిగ్రీ చదివినామె, పది తప్పినామె, బడి గడప తొక్కనామె, ముప్పై మందీ మెడలెత్తి ఆ గోడల వంక చూడటమే. కింద రాసిందేమిటని ఎవరూ ఎవరినీ అడిగే పని లేదు. మొదటి వారంలోనే అందరికంటే ముందు సారవ్వకు చంకలు వచ్చేశాయి. మూడేళ్లుగా పక్కవాళ్ల చేతులు చూసి నేర్చుకున్న కన్ను ఆమెది, బొమ్మను ఇట్టే పట్టేసింది. వెనక వరస ముందుకు జరిగింది. ఒక రోజు కృష్ణప్రియే సూదులు పట్టుకుని సారవ్వ పక్కన కూర్చుంది. అది ఉల్టా కాదు మేడం, సీదా అని సారవ్వ మెల్లగా చెబితే, మూడు వరసలు ఊడదీసి మళ్లీ అల్లుకుంది.

డిసెంబర్‌లో స్టాళ్లు పెట్టారు. ఇరవై ఏడు స్వెట్టర్లు వరసగా వేలాడాయి. మిగతా మూడు చలికి ఆగలేని మొగుళ్లు అప్పటికే వేసుకుపోయారు. భూపాల్ స్వెట్టరు కూడా ఒకటి, అల్లినవాళ్ల పేరు రాయకుండా, మూలన పెట్టారు. మొగిలి దాన్ని చూసి, చేత్తో తడిమి, నాకొకటి అల్లియ్యవా అన్నా అని గొంతు తగ్గించి అడిగాడు.

హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన స్టాలు ముందు ఆగాడు. స్వెట్టర్లు మెచ్చుకున్నాడు. వెనక తగిలించిన బొమ్మల పేజీలు చూసి ఆశ్చర్యపోయాడు. ముందు నిలబడ్డది సారవ్వ. ఈ భాష చదవడం మీకు వచ్చా అమ్మా అని అడిగాడు.

అనసూర్య బల్ల వెనక కూర్చుని అల్లుకుంటోంది. ఆమె చేతులు ఆగాయి. భూపాల్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ మాటకు ఏం అడ్డం వేయాలో అతనికి తోచలేదు, దగ్గర్లో నీళ్ల డ్రమ్ము కూడా లేదు.

సారవ్వ మాత్రం నవ్వింది.

"నాకు ఏ సదువు రాదు సార్. మా ఊర్ల బడే లేకుండె" అంది. "ఈ సదువైతె మా మేడంకు గూడ రాదు. ఆమె ఎం.ఏ."

కృష్ణప్రియ అందరికంటే ముందు పకపకా నవ్వింది. పెద్ద అధికారి నవ్వాడు, చుట్టూ ఉన్న ఇరవై తొమ్మిది మందీ నవ్వారు. కాగితంలో రాయించిన ఏడో తరగతి గురించి ఎవరూ ఎత్తలేదు. సారవ్వ ఒక స్వెట్టరు తీసి, చంక దగ్గర వేలుపెట్టి, ఇక్కడ రెండు ఫందాలు కలిపి ఒకటి చేయాలని ఆయనకు ఓపిగ్గా వివరించడం మొదలుపెట్టింది.

భూపాల్ బల్ల వెనక్కి చూశాడు. అనసూర్య తలెత్తకుండా సూది మీద ఫందాలు లెక్కపెట్టుకుంటోంది. ముప్పై ఆరు దాకా వచ్చి, ఆగి, మళ్లీ ముప్పై అంది. పెళ్లయినప్పటి నుంచి ఆమె లెక్క తప్పడం అతను చూడలేదు. ఏమైందని అడిగాడు.

"ఏం కాలె" అంది ఆమె. "నువ్వు జర అటు జరుగు, వెలుతురు ఆగుతుంది."

అతను జరిగాడు. ఆమె ఒకటి నుంచి మొదలుపెట్టింది.